అనుభవజ్ఞుల బీరువా

ఆ సంఘంలో ఎవరూ దేనికీ ఆశ్చర్యపోరు. నిబంధనావళిలో ఆ మాట ఎక్కడా లేదు గాని, ఉన్నవాటికన్నా గట్టిగా నడిచేది అదే. పేక ముక్కలతోనూ నాణేలతోనూ మనిషి ముక్కు కిందే ఇంద్రజాలం చేసే అనుభవజ్ఞులు ప్రతి ఆదివారం పొద్దున కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పై గదిలో కలుస్తారు. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ పరిచిన గుండ్రటి బల్ల. ఒకరు ఏదో చేసి చూపిస్తారు. మిగతావాళ్ళు మెల్లగా తల ఊపి, "పాతదే," అంటారు. ఎలా చేశాడో బొత్తిగా అంతుపట్టకపోతే ఇంకొంచెం మెల్లగా ఊపుతారు. బయటి జనం నోరు వెళ్ళబెట్టడానికే వీళ్ళ దగ్గరికి వస్తారు. వీళ్ళలో వీళ్ళు మాత్రం నోరు వెళ్ళబెట్టారా, ఇక పరువు గంగలో కలిసినట్టే.

ఆ గదిలో గోడవారగా అద్దాల తలుపుల బీరువా ఒకటుంది. దాని నుదుటి మీద 'అనుభవజ్ఞులకు మాత్రమే' అని రాసి ఉంటుంది. సంఘం పెట్టిన పెద్దమనిషి పోతూ పోతూ కొంత సొమ్ము బ్యాంకులో వేసి, ఏడాదికో పై తరగతి పుస్తకం కొనండర్రా అని చెప్పి పోయాడు. ఆయన పుణ్యమా అని బీరువా నిండింది. అందులోంచి పుస్తకాన్ని ఎవరూ ఇంటికి పట్టుకెళ్ళరు. పట్టుకెళ్తే అందులో ఉన్నది తెలియదని ఒప్పుకున్నట్టే కదా. పోనీ కొత్తగా నేర్చుకునేవాళ్ళు చదువుతారా అంటే, విద్య బజారున పడుతుందని వాళ్ళని ఆ దరిదాపులకే రానివ్వరు. చదవాల్సినవాళ్ళకి హక్కు లేదు, హక్కున్నవాళ్ళకి మొహం చెల్లదు. పుస్తకాలు మాత్రం అద్దం వెనక బుద్ధిగా కూర్చుని ఉంటాయి.

ఇక ఏడాదికోసారి పుస్తకం ఎంచుకునే సభ ఉంటుంది. అది చూసి తీరాలి. కేటలాగులు బల్ల చుట్టూ తిరుగుతాయి. "ఇందులో మనకి తెలియనిదేమైనా ఉందా?" అని అధ్యక్షుడు అడుగుతాడు. ఆయన వృత్తికి పళ్ళ డాక్టరు. ఊరందరినీ నోరు తెరవమనే మనిషి, ఇక్కడ మాత్రం తన నోరు బిగించుకు కూర్చుంటాడు. ఆయన పక్కన నాణేల బాబాయి. జీవితమంతా బస్సు కండక్టరుగా చిల్లర తిప్పితిప్పి, చివరికి ఆ చిల్లరని మాయం చెయ్యడంలో ఆరితేరాడు. ఆ పక్కన రిటైరైన లెక్కల మాస్టారు. ఎదురుగా కార్యదర్శి. కోర్టులో గుమాస్తా కాబట్టి ఆయన్ని అందరూ రూల్సాయన అంటారు. నలుగురూ విషయసూచిక మీద వేలు పెట్టి కిందికి లాగుతూ పాతదే, పాతదే అనుకుంటూ వస్తారు. అన్నీ పాతవే అయినప్పుడు ఏది కొనాలి? అందుకని బరువు చూసి కొంటారు. పోయినేడు బంగారు అంచుల మూడు సంపుటాలు వచ్చాయి. రూల్సాయన వాటిని రెండు చేతులా ఎత్తి చూసి, "సరుకున్న పుస్తకం," అన్నాడు. అంతే, బీరువాలో పెట్టి తాళం వేసేశారు.

ఈ మేకపోతు గాంభీర్యాల మధ్య ఐదో మనిషి ఇస్పేటు రాణి. తీసిన ముక్క ఏదైనా చివర్లో ఇస్పేటు రాణి ఎక్కడో ఊడిపడేలా చేస్తుందని ఆ పేరు. సంఘంలో ఒక్కతే ఆడమనిషి. మిగతావాళ్ళకి ఇది ఆదివారం సరదా, ఆమెకి మాత్రం తిండి. పెద్ద హోటల్లో సాయంత్రాలు భోజనాల బల్లల మధ్య తిరుగుతూ, తింటున్నవాళ్ళ చేతుల్లోనే ముక్కలు మార్చేస్తుంది. తల ఊపడంలో ఆమె కూడా ఎవరికీ తీసిపోదు. ఈ సంఘంలో నిలబడాలంటే ఊపాలి మరి.

వానాకాలం మొదట్లో ఒకరోజు ఆమె ఎడమ చెయ్యి కారు తలుపు అంచు మీద ఉండగా, భర్త చూసుకోకుండా తలుపు వేసేశాడు. ఎముకలు అతుక్కున్నాయి. ఉంగరపు వేలూ చిటికెన వేలూ మాత్రం వంగడం మానేశాయి. ఇంకెవరికైనా అయితే పెద్ద నష్టం లేదు. ముక్కలు పట్టేవాళ్ళకి ఎడమ చెయ్యే సమస్తం. కట్ట అంతా అందులోనే కూర్చుంటుంది. చూసేవాళ్ళు తమ ముక్కని కట్ట మధ్యలో దూర్చాక, అది ఎక్కడుందో పోకుండా చిటికెన వేలి కొసతో వెంట్రుకవాసి సందు పట్టుకుని ఉండాలి. ఆ సందు పోతే ముక్క పోయినట్టే, ఆట పోయినట్టే. ఆమె సందు పట్టబోతే కట్ట జారి ఒళ్ళో పడుతోంది.

సంఘంలో ఎవరికీ చెప్పలేదు. తన వంతు వచ్చినప్పుడు కుడిచేత్తో నాణెం ఏదో తిప్పి, "ఈమధ్య ముక్కలంటే విసుగ్గా ఉందండీ," అనేది. వాళ్ళు తల ఊపేవాళ్ళు. ఎడమ చెయ్యి ఒళ్ళో రుమాలు కింద ఉండేది. మనిషి చూపుని ఇటు నుంచి అటు మళ్ళించడం ఇన్నేళ్ళుగా నేర్చుకున్న విద్య అంతా ఆ రెండు వేళ్ళని దాచడానికే సరిపోయేది. హోటల్లో ఆ పప్పులు ఉడకలేదు. మేనేజరు మర్యాదస్తుడే, మర్యాదగానే అన్నాడు.

"మేడమ్, నాణేలు బాగానే ఉన్నాయి. కానీ బల్లల దగ్గర అందరూ ముక్కలే అడుగుతున్నారు. ఈ నెలాఖరు దాకా చూస్తాను. మీకు కుదరదంటే వేరే ఎవరినైనా పిలుచుకుంటాను, ఏమీ అనుకోకండి."

ఏమనుకుంటుంది. ఇంటికొచ్చి వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చుంది. భర్త గిన్నెలు తోముతున్నాడు. తలుపు వేసిన పాపానికి ఆ పని ఆయన తనంతట తానే నెత్తిన వేసుకున్నాడు. ఎవరూ వద్దనలేదు కూడా. అత్తగారు బల్ల దగ్గర కూర్చుని కోడలు చాపిన కట్టలోంచి ముక్క తీసింది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడకిదే పని. ఎన్ని వేల ముక్కలు తీసిందో ఆ దేవుడికే తెలియాలి.

"తీశాను. ఇప్పుడు పెట్టెయ్యనా, కాసేపు దగ్గరుంచుకోనా?"

"పెట్టెయ్యండి అత్తయ్యా."

పెట్టింది. కట్ట జారి నేల మీద చెల్లాచెదురైంది. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకోలేదు. అది ఆవిడ స్వభావంలోనే లేదు.

"ఎన్నాళ్ళిలా దాస్తావు? మీ సంఘంలో అంత పండితులున్నారు కదా, అడగొచ్చుగా."

"అడగకూడదు అత్తయ్యా. తెలియదు అన్నవాళ్ళకి అక్కడ విలువుండదు."

"తెలియదంటే విలువుండదు, తెలుసన్నవాడు చెప్పడు. మరి ఆదివారం ఆదివారం ఏం వెలగబెడుతున్నట్టు?" అని ఆవిడ వంగి ఒక్కొక్క ముక్కే ఏరసాగింది.

సరిగ్గా ఆ వారమే కొత్త కేటలాగు వచ్చింది. అందులో ఒక మూలన సన్నటి పుస్తకం. రాసినవాడు ముక్కల విద్యలో అందరూ దండం పెట్టే పెద్ద విద్వాంసుడు. పుస్తకం విడిగా ఎవరికీ అమ్మడు, సంఘాలు అడిగితేనే ఇస్తాడట, రహస్యాలు పాడవకుండా. విషయసూచికలో ఏడో అధ్యాయం పేరు దగ్గర ఆమె వేలు ఆగింది. 'రెండు వేళ్ళు పనిచెయ్యని ప్రదర్శకుడు.' ఆమె కేటలాగుని గుండెలకి ఆనించుకుంది. ఎక్కడో ఒక మహానుభావుడు తన కోసమే కూర్చుని రాసినట్టనిపించింది.

సభ రోజు ఆమె ఆ పుస్తకం పేరెత్తగానే అధ్యక్షుడు కేటలాగు తీసుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఇదా. మరీ సన్నంగా ఉందమ్మా. మనలాంటివాళ్ళకి ఇందులో ఏముంటుంది? మొదటి అధ్యాయం పాతది. రెండోది చిన్నప్పుడు చేసి వదిలేశాం. ఏడోది..."

ఏడోదాని పేరు చూసి ఒక్క క్షణం ఆగాడు. ఆగినట్టు కనపడకుండా దగ్గాడు.

"ఏడోది కూడా తెలిసిందే."

"నాకూ తెలుసు," అన్నాడు నాణేల బాబాయి. "బస్సులో ఉన్నప్పుడే చేసేవాణ్ణి."

"నేను దానికి లెక్క కూడా కట్టాను," అన్నారు మాస్టారు.

రూల్సాయన తల ఊపాడు. అదీ చాలా మెల్లగా. తర్వాత అందరూ నాలుగు సంపుటాల వేరే పుస్తకం వైపు తిరిగారు. పోయినేడు మూడు కదా, ఈ ఏడు తగ్గితే ఎలా.

రాణికి మింగలేక కక్కలేక అయింది. చెప్పకపోతే పుస్తకం రాదు. చెప్తే, ఇన్నేళ్ళుగా ఆ కుర్చీలో సమానంగా కూర్చుని సంపాదించుకున్న పరువు ఒక్క మాటతో పోతుంది. నెలాఖరు గుర్తొచ్చింది. రుమాలు కిందనుంచి ఎడమ చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. రెండు వేళ్ళు కర్రముక్కల్లా చాచుకుని ఉన్నాయి.

"నాకు తెలియదండీ," అంది. "ఏడో అధ్యాయంలో ఉన్నది నాకు తెలియదు. అది నాకు కావాలి."

కింద దుకాణంలో ఎవరో మిషను తొక్కి చూస్తున్నారు. ఆ గదిలో ఆ మాట ఎవరి నోటా అంతవరకూ రాలేదు. నాణేల బాబాయి ఆమె వేళ్ళు చూసి, వెంటనే చూపు తిప్పుకుని బల్ల గుడ్డ సవరించసాగాడు. చివరికి రూల్సాయన సంచీలోంచి నిబంధనావళి తీసి దుమ్ము దులిపాడు.

"దీనికో నిబంధన ఉందండి, ఇంతవరకూ వాడే అవసరం రాలేదు. తనకి తెలియదని సభలో ఒప్పుకున్న సభ్యుడు ఏ పుస్తకం కోరితే సంఘం ఆ పుస్తకమే కొనాలి."

ఆమె ఊపిరి పీల్చుకుంది.

"సదరు సభ్యుడు అనుభవజ్ఞుడు కాడు కాబట్టి నేర్చుకునేవారి బెంచీకి మారాలి. బెంచీవారికి బీరువా పుస్తకాలు ఇవ్వరాదు."

అంటే పుస్తకం వస్తుంది, ఆమె మాత్రం చదవకూడదు. తెలియదన్నందుకు కొంటారు, తెలియదన్నందుకే ఇవ్వరు. మిగతావాళ్ళకి ఇస్తారు, వాళ్ళకి అక్కర్లేదు. కోర్టులో పనిచేసే మనిషి కాబట్టి రూల్సాయనకి ఇందులో వింతేమీ కనపడలేదు. "రూలు రూలే కదమ్మా," అన్నాడు, పాపం కొంచెం నొచ్చుకుంటూనే.

బెంచీ కిటికీ కింద ఉంది. నేర్చుకునేవాళ్ళెవరూ లేక అది చాలాకాలంగా ఖాళీ. నేర్పేవాళ్ళు లేని చోట నేర్చుకునేవాళ్ళు ఎన్నాళ్ళుంటారు? ఆమె వెళ్ళి దాని మీద కూర్చుంది. ఈ తల ఊపుళ్ళ మనుషుల మీద కన్నా, వాళ్ళతో పాటు ఇన్నేళ్ళూ ఊపిన తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. కూర్చున్న చోటునుంచే చెయ్యి చాపి, "ఆ నిబంధనావళి ఒకసారి ఇలా ఇవ్వండి," అంది. దానికి అభ్యంతరం చెప్పే నిబంధన లేదు కాబట్టి రూల్సాయన ఇచ్చాడు.

ఆ కింది పేరానే ఆమె పైకి చదివింది. "బెంచీవారు ఏ విద్య నేర్పమని అడిగినా, ఆ విద్య తెలిసిన సభ్యుడు చేసి చూపించాలి. కాదనరాదు."

చదివి, పుస్తకం మూసి, నలుగురి వైపూ వరసగా చూసింది.

"ఏడో అధ్యాయం మీకందరికీ తెలుసన్నారు కదా. చేసి చూపించండి."

తేలు కుట్టిన దొంగలు నలుగురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోలేదు. చూసుకుంటే బయటపడిపోతారు. అధ్యక్షుడు కాసేపు నీళ్ళు నమిలి, "అలాగేనమ్మా, ముందు పుస్తకం రానీ. పుస్తకం వచ్చిన మరుసటి ఆదివారం అందరం చూపిస్తాం. పద్ధతి ప్రకారం పోవాలి కదా," అన్నాడు. పుస్తకం రావడానికి నెలలు పట్టొచ్చని ఆయన ఆశ. అది సన్నటి పుస్తకం కాబట్టి తొందరగానే, నెలాఖరుకి ఇంకా రెండు వారాలుండగానే వచ్చేసింది. రూల్సాయన దాన్ని బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"ఇంకేముంది," అంది అత్తగారు. "తాళంచెవి ఉన్నవాడు మెల్లగా తీసి చదువుతాడు. మిగతావాళ్ళు వాడి కాళ్ళు పట్టుకుంటారు. చదివి వచ్చి తాతలనాటి విద్యలా చూపిస్తారు. నీకు కావాల్సింది నీకు దొరుకుతుంది. పోనీ, వాళ్ళ గొప్ప వాళ్ళనే చెప్పుకోనీ."

రాణి కూడా అలాగే అనుకుంది. ఆ వారం మధ్యలో భర్త పంటినొప్పితో అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళి, బుగ్గ పట్టుకుని వచ్చాడు.

"మీ డాక్టరు గారికి మతి పోయినట్టుంది. ఎడమ చేతి రెండు వేళ్ళకీ పుల్లలు పెట్టి ప్లాస్టరు చుట్టుకున్నారు. ఏమైందండీ అంటే ఏమీ లేదన్నారు. పన్ను ఊడదీసి, నా నోట్లో దూది కుక్కి, పక్కకి తిరిగి పేక ముక్కలు తీశారు. కింద పడితే నన్నే ఏరి ఇమ్మన్నారు."

"పుస్తకం చదివేసి ఉంటారు," అంది రాణి. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఆమెకి అన్నం సహించింది.

ఆదివారం వచ్చింది. ఆమె బెంచీ మీద కూర్చుని చూస్తే బల్ల చుట్టూ నాలుగు ఎడమ చేతులున్నాయి. నాలుగింటికీ చివరి రెండు వేళ్ళూ నిటారుగా ఉన్నాయి. వారమంతా సాధన చేసి ఇప్పుడు మామూలుగా పెట్టడం మరిచిపోయినట్టున్నారు. నాణేల బాబాయి టీ గ్లాసు కూడా అలాగే పట్టుకున్నాడు. ఆమెకి నవ్వొచ్చింది గాని, ఆపుకుంది.

మొదట అధ్యక్షుడు లేచాడు. చిటికెన వేలితో పట్టాల్సిన సందుని ఆయన బొటనవేలి మొదట్లో ఉన్న కండతో, కట్ట మూలన నొక్కి పట్టాడు. సందు నిలిచింది. కట్ట నిలవలేదు. పైసగం గాలికి లేచిన కాగితాల్లా ముందుకు ఎగిరి మాస్టారి ఒళ్ళో పడింది. "సూత్రం అది," అన్నాడు అధ్యక్షుడు గంభీరంగా కూర్చుంటూ.

నాణేల బాబాయి పద్ధతి వేరు. ఆయన రెండు వేళ్ళనీ వంచే ప్రయత్నమే చెయ్యలేదు. వాటిని పలకలా కట్ట కింద చాపి, కట్టని వాటి మీద పడుకోబెట్టాడు. కట్ట రాయిలా కదలకుండా నిలిచింది. కాకపోతే ముక్క ఎక్కడుందో ఆయనకే తెలియకుండా పోయింది. మూడుసార్లు తప్పు ముక్క తీసి, "చిల్లర ఇవ్వడం నయం," అని గొణిగాడు. మాస్టారు అసలు సందే లేకుండా ముక్కని వెంట్రుకవాసి పక్కకి జరిపి పెడతానన్నారు. అది చివరి బెంచీ పిల్లాడిలా కట్టలోంచి తొంగిచూస్తూ అందరికీ కనపడింది. రూల్సాయన కట్టని కుడిచేతిలోకి మార్చుకుని ఆట అంతా సవ్యంగా చేశాడు. "ఎడమ చేతితోనే చెయ్యాలని ఎక్కడా లేదు," అన్నాడు. నిజమే, కాని ఆమె కుడిచేతికి వేరే పని చాలా ఉంది.

నలుగురూ నాలుగు రకాలుగా ఓడిపోయి, నలుగురూ తల ఊపుకుంటూ కూర్చున్నారు. ఆమె మాత్రం వాళ్ళని చూడటం లేదు. తన చేతిని చూసుకుంటోంది. ఇన్నాళ్ళూ వంగని వేళ్ళని వంచాలనే తంటాలు పడింది. వేడినీళ్ళు, తైలాలు, రబ్బరు బంతులు. చాచుకుని ఉన్న వేళ్ళకి చాచుకునే పనిచ్చి ఊరుకోవచ్చని తట్టనే లేదు. బాబాయి పలక, డాక్టరు కండ. ఒకరి దగ్గర కట్ట నిలిచింది, ఇంకొకరి దగ్గర సందు నిలిచింది.

లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది. బెంచీవాళ్ళు బల్ల తాకకూడదని రూల్సాయన నోటిదాకా వచ్చింది గాని, ఎందుకో మింగేశాడు. ఆమె కట్ట తీసుకుని మొద్దుబారిన రెండు వేళ్ళ మీద పెట్టి, బొటనవేలి కండ మూలన ఆనించింది. "ముక్క తియ్యండి బాబాయిగారూ." ఆయన తీశాడు, అందరికీ చూపించాడు, మధ్యలో దూర్చాడు. ఆమె కట్టని సర్ది, వంగని వేళ్ళు అందరికీ కనపడేలా చెయ్యి ముందుకు చాపింది. ఇక దాచాల్సిందేమీ లేదు. పైముక్క తిప్పింది. బాబాయి ముక్కే. దాన్ని మళ్ళీ మధ్యలో పెట్టింది. పైముక్క తిప్పింది. అదే ముక్క.

ఎవరూ తల ఊపలేదు. మాస్టారి నోరు తెరుచుకుని ఉంది, ఆయనకి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

"మళ్ళీ చెయ్యమ్మా," అన్నాడు అధ్యక్షుడు, చాలా చిన్న గొంతుతో.

ఆమెకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు, ఏడ్చేసింది. ఏడుస్తూనే మళ్ళీ చేసింది. ఈసారి చెయ్యి మొదటిసారి కన్నా తేలిగ్గా తిరిగింది. రూల్సాయన గొంతు సవరించుకుని, "విద్య వచ్చింది కాబట్టి బెంచీ రద్దు. బీరువా హక్కు పునరుద్ధరించడమైనది," అని, తాళంచెవి బల్ల మీద పెట్టాడు. వాళ్ళలో వాళ్ళకి అంతకన్నా పెద్ద మర్యాద లేదు.

ఆమె నేరుగా బీరువా తెరిచి సన్నటి పుస్తకం బయటికి తీసింది. నలుగురూ మొహాలు కిటికీ వైపు తిప్పుకున్నారు. మెట్ల మీద వెలుతురుందని ఆమె బయటికి వెళ్ళి కూర్చుంది. అప్పుడు చూసింది. పుస్తకానికి చుట్టిన పల్చటి ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. అంటించిన అంచు కూడా ఊడలేదు. తాళంచెవి జేబులో పెట్టుకుని తిరిగినవాడు తియ్యలేదు, మిగతావాళ్ళు అడగలేదు. వారమంతా ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, పరువు కోసం, అబద్ధం నిలబెట్టుకోవడం కోసం, వేళ్ళకి పుల్లలు కట్టుకుని, లేని విద్యని కనిపెట్టారన్నమాట.

గోటితో కవరు చీల్చి ఏడో అధ్యాయం తీసింది. అధ్యాయం ఒక్క పేజీయే. ఆ పెద్ద విద్వాంసుడు చాలా నాజూకైన భాషలో రాశాడు: రెండు వేళ్ళు పోయిన చేతికి సందు పట్టే మార్గం లేదు. ముప్పయ్యేళ్ళ అనుభవంతో చెబుతున్నాను, వెతికి కాలం వృథా చేసుకోవద్దు. అటువంటి ప్రదర్శకుడు గౌరవంగా ముక్కలు కింద పెట్టి, మరో వ్యాపకం చూసుకోవడం మంచిది.

ఆమె ఆ పేజీ రెండుసార్లు చదివింది. ఆ నలుగురిలో ఒక్కడు నిజం చెప్పి ఉంటే, మాకు తెలియదమ్మా, ఇదిగో పుస్తకం నువ్వే చదువుకో అని ఉంటే, ఇంత పెద్దమనిషి మాట ఆమె నమ్మేసి ఉండేది. హోటలు మేనేజరుకి అదే రోజు నమస్కారం పెట్టి వచ్చేసేది. ఆ విద్వాంసుణ్ణి తలుచుకుంటే ఆమెకి ఒళ్ళు మండింది. లోపల కూర్చున్న అబద్ధాలకోరుల మీద మాత్రం, ఎంత ప్రయత్నించినా, ప్రేమ తప్ప ఇంకేదీ రాలేదు.

వెనక తలుపు చప్పుడైంది. అధ్యక్షుడు వచ్చి, ఊరికే గాలికోసం వచ్చినట్టు నిలబడ్డాడు. చూపు మాత్రం పేజీ మీదే ఉంది. ఆమె పుస్తకం మూసేసింది.

"నేను చూపించినట్టే ఉందామ్మా?" అన్నాడు.

"అచ్చం మీరు చూపించినట్టే రాశాడండీ. కింద వేళ్ళు చాపడం మాత్రం బాబాయిగారిది."

ఆయన మొహం వెలిగిపోయింది.

"ఎక్కడో మనల్ని చూసే నేర్చుకుని ఉంటాడు," అన్నాడు.

"ఉండొచ్చండీ," అని ఆమె చీర దులుపుకుని లేచింది. సాయంత్రం హోటల్లో కిటికీ పక్క బల్లవాళ్ళు ముక్కలు అడిగితే ఏది ముందు చెయ్యాలో ఇంకా అనుకోలేదు.